బిడ్డలతో పొలము దారిని

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 6:7, మార్కు 2:23, లూకా 24:13–32



దేవుని మాటలను బిడ్డలకు నేర్పుటకు మోషే ఇశ్రాయేలీయులకు నాలుగు వేళలు చూపించెను. ఇంట కూర్చున్న వేళ ఒకటి, దారి నడుచు వేళ ఒకటి, పండుకొను వేళ ఒకటి, నిద్ర లేచు వేళ ఒకటి. వీటిలో మూడింటిని మన సంఘములు కొంతవరకైనను కాపాడుకొనుచున్నవి. ఉదయ ప్రార్థన కలదు, రాత్రి ప్రార్థన కలదు, ఇండ్లలో కుటుంబ ప్రార్థన కలదు. అయితే దారి నడుచు వేళ ఏమైపోయెను? మన పర్చూరు ప్రాంతమున పెద్దలు తెల్లవారకముందే ఆటో ఎక్కి కూలికి పోవుదురు. పిల్లలు బస్సెక్కి బడికి పోవుదురు. ఒక ఇంటివారందరు కలిసి ఒక దారిని నడుచుట పెండ్లికో భూస్థాపనకో తప్ప మరెన్నడును కానరాదు.

ఈ మాట మిమ్మును గద్దించుటకు వ్రాయుట లేదు. మొదట గద్దింపు పొందినవారము మేమే. ఒక సాయంకాలము మేము గృహదర్శనమునకు బయలుదేరుచుండగా మా చిన్న కుమారుడు గుమ్మమునొద్ద నిలిచి, "నాన్నా, నువ్వు అందరి ఇళ్లకూ నడుస్తావు. మాతో ఎప్పుడు నడుస్తావు?" అని అడిగెను. ఆ దినమున మాయొద్ద జవాబు లేకపోయెను. పది గ్రామములలో వాక్యము చెప్పి, కన్నబిడ్డ ప్రశ్నకు మాట దొరకక తల వంచుకొంటిమి.

అందుచేత గడచిన సంక్రాంతి దాటిన తరువాత ఒక ఆదివారము, ఆరాధన ముగిసి భోజనములైన పిమ్మట, ఏడు కుటుంబములను వెంటబెట్టుకొని ఊరి వెలుపలి డొంకను బయలుదేరితిమి. ఎండ తగ్గిన నాలుగున్నర గంటలకు బయలుదేరి, ప్రొద్దు క్రుంకకమునుపే ఇండ్లకు చేరితిమి. రానుపోను మూడు కిలోమీటర్లు మాత్రమే. ముసలివారును ఎత్తుబిడ్డల తల్లులును సులువుగా నడిచిరి.

దారికి ఇరుప్రక్కల నల్లరేగడి చేలు. ఒక ప్రక్క చివరి పూతతో పత్తి, మరియొక ప్రక్క ఎఱ్ఱబారిన మిరప, ఆవల కాయ పట్టిన శనగ. ఏడవ తరగతి చదువు పిల్లవాడొకడు, ఒకే పత్తి మొక్కకు లేత పసుపు పూలును గులాబి పూలును ఉండుట చూచి, ఇది రెండు జాతుల మొక్కయా అని అడిగెను. మాకు తెలియలేదు. ఇరువది యేండ్లుగా పత్తి తీయుచున్న అతని తల్లి, "రెండూ ఒకటే నాయనా. విచ్చిన రోజు తెల్లగా పసుపుగా ఉంటది, మర్నాటికి గులాబీ అయిపోద్ది, ఆనక రాలిపోద్ది" అని చెప్పెను. అక్షరము రానిదని తన్ను తాను తక్కువ చేసికొను ఆ సహోదరి ఆ సాయంకాలము మాకందరికి ఉపాధ్యాయిని ఆయెను. అడవి పువ్వులు ఎట్లు ఎదుగుచున్నవో ఆలోచించుడని మన ప్రభువు చెప్పినది పుస్తకము చదువగలవారికి మాత్రమేనా? పువ్వును చూడగలవారందరికిని గదా!

మిరపచేని యొద్ద అదే పిల్లవాడు తల్లి చేతులు పట్టుకొని చూచి, "అమ్మా, కాయలు కోసిన రాత్రి మంట పుడతదా?" అనెను. "మజ్జిగలో పెట్టుకుంటే తగ్గుద్దిలే" అని ఆమె నవ్వెను. అతడు నవ్వలేదు. తన బడి జీతము ఏ చేతులనుండి వచ్చుచున్నదో అతనికి ఆ గట్టుమీద తెలిసెను. తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞను మేము ఎన్ని ప్రసంగములలో చెప్పినను, అది అంత లోతుగా దిగి యుండదు.

తిరిగి వచ్చుచుండగా ఊరి మలుపు దగ్గర ఒక వృద్ధురాలు ఆగెను. "అయ్యగారూ, ఈ మలుపుకాడ మా అయ్య చెప్పులిప్పి చేత పట్టుకునేవాడు" అని చెప్పెను. ఆమె మనుమరాలు తన కాళ్లకున్న బూట్ల వైపు చూచుకొని, "నేను కూడా తియ్యాలా నాయనమ్మా?" అని అడిగెను. ఆ తల్లి, "నువ్వు తియ్యబాకమ్మా. తొడుక్కునే నడువు" అనెను. మేమందరము కొంతసేపు మౌనముగా నిలిచితిమి.

ప్రియులారా, మోషే చెప్పులు విడిచినది దేవుని యెదుట. మనుష్యుని యెదుట కాదు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి అతని పాదములకు చెప్పులు తొడిగించెను. చెప్పులు కుమారత్వమునకు గురుతు. మన పెద్దలు సువార్తలో కనుగొనినది ఈ కుమారత్వమునే. తాళ్లకొండపాడు వాస్తవ్యుడగు యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారమునకై ఉత్తరదిక్కునకు ప్రయాణములు చేయుచు సువార్త వినిరి. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ గ్రామమునకు పోగా, చుట్టుప్రక్కల పల్లెలనుండి స్త్రీ పురుషులు తిండి మూటలతో నడిచి వచ్చి, చింతతోపులో దినములు గడిపి వాక్యము వినిరి. ఇరువదియెనిమిది మంది బాప్తిస్మము పొందిరి. ఈ సీమలో సువార్త కాలినడకన వచ్చినది.

ఇదే సీమలో కన్నీటి నడకయును కలదు. 1985 జూలై 17న మన పొరుగునున్న కారంచేడులో, మంచినీటి చెరువు వద్ద మొదలైన తగవు పిమ్మట ఆరుగురు దళితులు చంపబడిరి. మిగిలిన కుటుంబములు ఊరు విడిచి చీరాలకు చేరి దేవాలయపు ఆవరణలో తలదాచుకొనిరి. గనుక బిడ్డ చెయ్యి పట్టుకొని భయము లేక ఊరి దారిని నడుచుట స్వల్ప విషయమని తలంచకుడి. దాని వెల ఎరిగి నడువుడి. ఈ చరిత్ర బిడ్డలకు చెప్పుడి. అయితే పగ నేర్పకుడి. దారిలో ఎదురైన ప్రతివానిని, ఏ కులమువాడైనను, తల ఎత్తి మర్యాదగా పలుకరింప నేర్పుడి.

నెలకు ఒక్క ఆదివారమైనను ప్రతి కుటుంబము ఇట్లు నడువవలెనని మా మనవి. కొన్ని సంగతులు గుర్తుంచుకొనుడి. ప్రభువు శిష్యులు పంటచేలలోబడి పోవుచు వెన్నులు త్రుంచిరి. పొరుగువాని చేనిలో చేతితో త్రుంచవచ్చును గాని కొడవలి వేయరాదని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అయినను మన కాలమున చేలకు పురుగుమందు కొట్టుదురు గనుక, పచ్చి శనగకాయయైనను రైతును అడుగక కోయవద్దు, కడుగక తినవద్దు. మందు కొట్టుచున్న చేని గాలికి దూరముగా పొండి. గట్టు విడిచి పైరులో అడుగు పెట్టకుడి. వేసవిలో రేగడి నేల నెఱ్ఱెలు విచ్చును; పిల్లల పాదములును పాములును జ్ఞాపకముండవలెను. మంచినీళ్లు వెంట తీసికొనుడి. సెల్‌ఫోను ఒక్కటి చాలును, అదియు సంచిలో ఉండనిండు. పసుల వీపున కూర్చుండు పసులపోలిగాడిని, తీగమీది పాలపిట్టను చూపుచు వాటి పేర్లు చెప్పుడి. మీకు తెలియనిది పిల్లలను అడుగుడి.

కడపటి మాట. ఎమ్మాయు గ్రామము యెరూషలేమునకు ఆమడ దూరమని మన బైబిలులో వ్రాయబడియున్నది. ఆ ఆమడ దారిని ఇద్దరు దుఃఖముతో మాటలాడుకొనుచు నడిచిరి. మూడవవాడు ఎప్పుడు కలిసెనో వారెరుగరు. వారు మౌనముగా వేరువేరు దారులను పోయినయెడల ఆ సంభాషణయే లేకపోవును. అప్పుల భారముతో మాట మానిన తండ్రులు, అలసిన తల్లులు, తమలో తామే మూసికొనిన యౌవనస్థులు మన ఇండ్లలో లేరా? ఇంటిలో ఎదురెదురుగా కూర్చుండి చెప్పలేని మాట, ప్రక్కప్రక్కను నడుచుచు చెప్పగలరు. అట్టి మాటల నడుమ ప్రభువు వచ్చి నడుచును.

మా కుమారునికి మేమియ్యవలసిన జవాబు ఆలస్యముగా ఇచ్చితిమి. మీరు ఆలస్యము చేయకుడి.

ప్రార్థన: చల్లపూట తోటలో సంచరించిన దేవా, మా గట్లమీదను డొంకలలోను మాతో కూడ నడువుము. మా బిడ్డల పాదములను భయమునుండి తప్పింపుము. మా మూసిన నోళ్లను తెరువుము. మా ఇండ్లకు వచ్చి మాతో బస చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.