దేవుడి పేరు లేని ప్రయాణం

రాయచూరు నుంచి హైదరాబాదు దారి పట్టి యరమరస్ దాటితే చిక్కసూగూరు వస్తుంది. ఇక్కడ పారిశ్రామిక వాడ, ఇంకాస్త ముందుకు వెళ్తే శక్తినగర్ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఆ చేరువలోనే దేవసూగూరు సూగూరేశ్వరుడి గుడి, ఆపైన కృష్ణ. నది దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడుకునే కుటుంబాలకు ఈ దారి కొత్తది కాదు. 1956 నవంబరు 1 దాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. అప్పట్లో ఇక్కడివాళ్లకు రాజధాని ఆ పట్నమే. ఇప్పుడు ఈ ఊళ్లో షిఫ్టు డ్యూటీ చేసే భర్త, బడిలోనో ఆఫీసులోనో పనిచేసే భార్య కలిసి రెండు రోజులు ఆ పట్నం వెళ్లాలనుకున్నారనుకోండి. చార్మినారు చుట్టూ తిరగాలి, లాడ్ బజారులో గాజులు కొనాలి, బిర్యానీ తినాలి, ఇరానీ చాయ్ తాగాలి. అంతే కోరిక. ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగేది మాత్రం ‘ఏ గుడికి?’ అని. మంత్రాలయం అంటే ఎవరూ అడ్డు చెప్పరు. కురువపురం శ్రీపాద శ్రీవల్లభుల సన్నిధికి అంటే దారి ఖర్చులు చేతిలో పెట్టి మరీ పంపుతారు. తినడానికి, తిరగడానికి, కొనుక్కోవడానికి అంటే మాత్రం మొహాలు మారిపోతాయి. దేవుడి పేరు పెట్టకుండా ఆలుమగలు తమ సంతోషం కోసం చేసే ప్రయాణానికి ధర్మంలో చోటు ఉందా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, గృహస్థాశ్రమం గురించి మనం నిజంగా ఏం నమ్ముతున్నామో ఇక్కడే బయటపడుతుంది. చోటు ఉందనే నా వాదన. ఆ చోటును నిర్ణయించేది వాళ్లు చేరే ఊరు కాదు, బయలుదేరే ముందు ఇద్దరూ కూర్చుని వేసుకునే లెక్క.

పెళ్లిపీటల మీద వరుడు చేసే ప్రమాణాన్ని గుర్తు తెచ్చుకోవాలి. ధర్మంలో, అర్థంలో, కామంలో ఈమెను దాటి నడవనని అతను అగ్నిసాక్షిగా మాట ఇస్తాడు. ధర్మం అనగానే వ్రతాలూ తద్దినాలూ మనకు గుర్తొస్తాయి. అర్థం అనగానే జీతం, పొలం, ఇంటి స్థలం గుర్తొస్తాయి. మూడోదాన్ని పడకగదికి పరిమితం చేసి అక్కడితో మరిచిపోయాం. వాత్స్యాయనుడు దాన్ని అంత ఇరుకుగా చూడలేదు. చెవి, చర్మం, కన్ను, నాలుక, ముక్కు మనసుతో కలిసి తమ తమ విషయాల్లో పొందే అనుకూలతనే ఆయన కామం అన్నాడు. ఆ లెక్కన రుచిగల తిండీ, కంటికింపైన వీధీ, వేళ్లకు మెత్తగా తగిలే చీరా అన్నీ అందులోవే. ఆయన దాన్ని ధర్మార్థాలకు లోబడి ఉండమన్నాడు, అక్కర్లేదని మాత్రం అనలేదు. భగవద్గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు ధర్మానికి విరుద్ధం కాని కామం తన స్వరూపమేనంటాడు. బుద్ధుడు సిగాలుడనే గృహస్థు కొడుక్కి చేసిన ఉపదేశం ఇంకా సూటిగా ఉంటుంది. భర్త భార్యకు చేయవలసినవిగా చెప్పిన ఐదింటిలో ఆమెను గౌరవించడం, ఇంటి పెత్తనం ఆమెకు అప్పగించడంతో పాటు నగలు సమకూర్చడం కూడా ఉంది. సర్వం వదులుకున్న భిక్షువు నోట గృహస్థుకు వచ్చిన మాట ఇది. సన్న్యాసికి ఏది తగదో ఆయనకు బాగా తెలుసు. గృహస్థుకు ఏది తగునో కూడా అంతే స్పష్టంగా తెలుసు. మనం ఈ రెంటినీ కలగలిపి, సంసారి చేత సగం సన్న్యాసం చేయించాలని చూస్తున్నాం.

ఈ సంతోషమంతా తీర్థయాత్రలోనే దొరుకుతుంది కదా, వేరే ప్రయాణం దేనికి అని అడగవచ్చు. దొరుకుతుంది, నిజమే. మన జాతరలన్నిటిలో గుడి ముందు గాజుల దుకాణాలు, మిఠాయి అంగళ్లు, మిర్చిబజ్జీల బాణలులు ఉండనే ఉంటాయి. తేరు లాగిన చేతులే రంగులరాట్నం కొయ్యను పట్టుకుంటాయి. మన పూర్వులు భక్తికీ బజారుకూ మధ్య గోడ కట్టలేదని దీన్నిబట్టి తెలుస్తోంది. కానీ బజారు కోసమే వెళ్తూ గుడి పేరు చెప్పడం వేరే సంగతి. అందులో రెండు తప్పులున్నాయి. ఇంట్లోవాళ్లకు చెప్పేది అబద్ధం. దేవుణ్ణి అడ్డం పెట్టుకోవడం అంతకంటే పెద్దది. పైగా బజారు అంటేనే ధర్మానికి దూరమైన చోటు అన్న ఊహను మహాభారతమే ఒప్పుకోదు. తపస్సు చేసి గర్వపడిన కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం చెప్పినవాడు మిథిలా నగరంలో మాంసం అమ్ముకునే వ్యాధుడు. అతని దగ్గరికి వెళ్లమని పంపినది భర్తకు సేవ చేస్తూ భిక్ష తేవడం ఆలస్యం చేసిన ఒక ఇల్లాలు. జటల్లో పిట్టలు గూడు కట్టేంతగా కదలకుండా నిలబడి తపస్సు చేసిన జాజలి, చివరికి కాశీలో తులాధారుడనే వర్తకుడి దుకాణానికి వెళ్లి నేర్చుకోవలసి వచ్చింది. ఈ రెండు కథల్లోనూ అడవి నుంచి పట్నానికి, ఆశ్రమం నుంచి అంగడికి నడిచినది తాపసులే. తక్కెడను సమంగా పట్టుకునేవాడి దగ్గర ధర్మం ఉంటుందని వ్యాసుడు గట్టిగానే నమ్మాడు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ యయాతి మహారాజు కథ నుంచి వస్తుంది. శుక్రుడి శాపంతో ముసలితనం మీదపడితే, చిన్న కొడుకు పూరుడి యవ్వనం తీసుకుని వెయ్యేళ్లు భోగాలు అనుభవించాడు. చివరికి అనుభవిస్తే కోరిక తీరదని తేల్చుకుని యవ్వనం తిరిగి ఇచ్చేశాడు. ఈసారి హైదరాబాదు, వచ్చేసారి గోవా, ఆ తరువాత దుబాయి అంటూ పెరుగుతూ పోయే కోరికకు ఈ కథ సరైన హెచ్చరికే. దీన్ని తేలిగ్గా తోసెయ్యలేం. అయితే కథలో తప్పు ఎక్కడుందో నిదానించి చూడాలి. యవ్వనంలో భోగం దానంతటదే తప్పు కాదు. తనది కాని కాలాన్ని అప్పు తెచ్చుకోవడమే యయాతిని దెబ్బతీసింది. రెండు రోజుల పట్నవాసానికి ఈఎంఐ పెట్టుకునే జంట చేస్తున్నదీ అదే. వాళ్లు తమ రాబోయే నెలలనూ పిల్లల బడి ఫీజునూ అప్పు తీసుకుంటున్నారు. చేతిలో ఉన్న డబ్బుతో శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి తిరిగి వచ్చే జంటకు యయాతి పోలిక అతకదు. కోరిక మళ్లీ పుడుతుందన్నది వాళ్లకూ వర్తిస్తుంది. ఆకలి కూడా రేపు మళ్లీ వేస్తుంది, అందుకని ఇవాళ్టి అన్నం వృథా అని ఎవరూ అనరు.

అందుకే ప్రయాణం కంటే ముందు వేసుకునే ప్రణాళికే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. మన పూజల్లో ప్రతి క్రియకూ ముందు సంకల్పం ఉంటుంది. ఏ నదుల మధ్య దేశంలో ఉన్నామో, ఏ సంవత్సరం ఏ తిథో, ధర్మపత్నీ సమేతంగా ఏ కోరికతో ఏం చేయబోతున్నామో పైకి చెప్పి నీళ్లు వదులుతాం. కోరికను దాచుకోమని ఆ విధి చెప్పదు. చోటు, కాలం, తోడు, ఉద్దేశం అన్నీ పేరుపెట్టి పలకమంటుంది, పలికినదాన్ని దాటవద్దంటుంది. చిక్కసూగూరు కృష్ణా తుంగభద్రల నడిమి దేశం. దేవసూగూరు దగ్గర వంతెన దాటితే కృష్ణా గోదావరుల నడిమి దేశం. దారి మక్తల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల మీదుగా 200 కిలోమీటర్లు పైచిలుకు. ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ బస, చేతి ఖర్చుకు ఎంత, ఎవరికి ఏం చూడాలని ఉంది అన్నవి ఇద్దరూ కలిసి ముందే తేల్చుకుంటే అది సంకల్పం చేసే పనే చేస్తుంది. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం మూసి ఉంటుందని, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు ఆదివారమే పరుస్తారని తెలుసుకోవడం చిన్న విషయమే. కానీ ఆమెకు ఇష్టమైనది ఆదివారం ఉందని గుర్తుపెట్టుకుని అతను తన తిరుగుడు శనివారానికి మార్చుకుంటే, పీటల మీద ఇచ్చిన మాట అక్కడ చెల్లుతుంది. సిగాలుడికి బుద్ధుడు చెప్పిన కాలంలో ఇచ్చేది భర్త, తీసుకునేది భార్య. ఇప్పుడు ఇద్దరూ సంపాదిస్తున్న ఇళ్లెన్నో ఉన్నాయి. ఆమె సంపాదించని ఇంట్లో కూడా అతని జీతం నిలబడుతున్నది ఆమె పని మీదే. కాబట్టి ఏం కొనాలన్నది అతని దయగా ఉండకూడదు. ఇద్దరి నిర్ణయంగా ఉండాలి.

ఎంత కొనాలి అన్నదానికి రాయచూరు జిల్లాలోనే పాఠం ఉంది. లింగసూగూరు తాలూకా అమరేశ్వరం నుంచి కల్యాణ నగరానికి వెళ్లిన శివశరణుల జంట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ. పన్నెండో శతాబ్దపు కల్యాణం అప్పటి మహా పట్నం. అక్కడ నేల మీద రాలిన బియ్యపు గింజలు ఏరి తేవడం మారయ్య కాయకం, అంటే పూజగా చేసే పని. వాటితో వండి శివభక్తులైన జంగములకు పెట్టి తాము తినడం ఇద్దరి దాసోహం. ఒకరోజు అతను మామూలుకంటే ఎక్కువ బియ్యం తెచ్చాడు. మనకింత అక్కర్లేదు, మిగిలింది తీసుకెళ్లి ఎక్కడిది అక్కడే పోసి రమ్మని లక్కమ్మ తిప్పి పంపింది. శరణుల కథల్లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. పట్నంలో ‘చాలు’ అన్న మాట పలికినది భార్య, విన్నది భర్త. ఆమె పేదరికాన్ని మెచ్చుకోలేదు, ఆకలితో ఉందామనీ అనలేదు. కొలత తప్పిందని మాత్రమే చెప్పింది. సురపురం తాలూకా ముదనూరు నేతగాడు జేడర దాసిమయ్య కూడా ఆలుమగలు ఒక్కటైన భక్తే శివుడికి హితమని తన వచనంలో చెప్పాడు. ఆయన నేసిన బట్ట కూడా అంగట్లో ఎవరో కొంటేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. శరణులు కొనడాన్నీ అమ్మడాన్నీ నీచంగా చూడలేదు. కాయకం ఉన్నచోట కొనేవాడూ ఉండాలి కదా.

దీన్నుంచే ఇంకో ఆక్షేపణకు జవాబు దొరుకుతుంది. చుట్టూ ఇంత లేమి ఉండగా సరదాకు డబ్బు తగలేయడం న్యాయమా అంటారు. లాడ్ బజారులో లక్క గాజు ఎలా తయారవుతుందో చూసినవాళ్లకు ఆ ప్రశ్న కొంచెం వేరుగా వినిపిస్తుంది. నిప్పుల సెగ దగ్గర కూర్చుని లక్కను కరిగించి, సాగదీసి, చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ పొదుగుతారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనివాళ్ల పొయ్యి రగలాలంటే మాత్రం గాజు కొనే చెయ్యి కావాలి. అంతమాత్రాన కొన్నదల్లా పుణ్యం అయిపోదు. పెద్ద మాల్‌లో స్టిక్కరు మీద ఉన్న ధర మారుమాటాడకుండా చెల్లించి, వీధి గాజులమ్మి దగ్గర పది రూపాయలకు పావుగంట బేరం ఆడేవాళ్లు తులాధారుడి తక్కెడను గుర్తు చేసుకోవాలి. లక్కమ్మ కొలత ఇంటికి తెచ్చుకునేదానికే కాదు, ఎదుటివాడికి ఇచ్చేదానికీ వర్తిస్తుంది.

రాయచూరు సీమలో పక్కింటి ముస్లిం కుటుంబాలకూ ఈ చర్చ పరాయిది కాదు. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడిపే ప్రవక్త సహచరుడు అబూ దర్దా ఇంటికి స్నేహితుడు సల్మాన్ వస్తాడు. అలంకరణ మానేసిన అతని భార్యను చూసి సంగతి గ్రహించి, దేవుడికి నీ మీద హక్కు ఉన్నట్లే నీ శరీరానికీ నీ ఇంటివాళ్లకూ హక్కు ఉందని అతనికి చెబుతాడు. ప్రవక్త సల్మాన్ మాటే నిజమన్నారని హదీసు. భక్తి ఎక్కువై భార్య కనిపించకుండా పోవడం కూడా లోపమేనని ఆ కథ తేల్చిచెబుతోంది.

మిగిలింది ఇంటి పెద్దల మాట. తల్లిదండ్రులను, పిల్లలను వదిలి ఇద్దరే తిరగడం స్వార్థం అని. మందులు వేళకు అందవలసిన ముసలివాళ్లను, పాలు తాగే బిడ్డను ఏర్పాటు లేకుండా వదిలి వెళ్తే అది స్వార్థమే, దాన్ని ఏ శాస్త్రమూ సమర్థించదు. ఏర్పాటు చేసుకుని వెళ్తే మాత్రం కాదు. మన ఇళ్లలో ఆలుమగలు కలిసి ఉండేది చాలావరకు ఇతరుల కోసమే: అత్తమామల వైద్యం, ఆడపడుచు పెళ్లి, పిల్లల పరీక్ష, చుట్టాల తద్దినం. అవన్నీ చేయవలసినవే. కానీ మన శాస్త్రాలు దంపతులను ఒక్క యూనిట్‌గా ఎంత గట్టిగా చూశాయంటే, సీత పక్కన లేనప్పుడు రాముడు కూడా అశ్వమేధానికి బంగారు సీతను పక్కన పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది. యజ్ఞానికి జంట తప్పనిసరి అయినప్పుడు ఆ జంట జంటగా మిగలడం కూడా ఇంటికి తప్పనిసరే. షిఫ్టులు మారిపోయి, ఒకరు నిద్రలేచే వేళకు ఇంకొకరు పడుకునే ఇళ్లలో అది దానంతటదే జరగదు. కాబట్టి కొడుకూ కోడలూ, లేదా కూతురూ అల్లుడూ శనివారం పొద్దున్నే సంచి సర్దుకుంటుంటే, పిల్లలను మీ దగ్గర ఉంచుకుని వాళ్లను పంపండి. ఏ దేవుడి దర్శనానికి అని అడగకండి.