పాపం అన్న తర్వాత

టీ కొట్టు ముందు ఒక కుక్క పడుకుని ఉంటుంది. వీపంతా బొచ్చు ఊడిపోయి చర్మం ఎండిన చెరువు అడుగులా పగిలి ఉంటుంది. గోక్కున్న చోటల్లా ఎర్రటి చారలు, చెవి మడతల్లో ఉబ్బిన గోమార్లు. టీ తాగేవాళ్లలో ఒకరు దానివైపు చూసి "పాపం" అంటారు. ఇంకొకరు బిస్కెట్ ముక్క విసురుతారు. గ్లాసులు ఖాళీ అవుతాయి, బండ్లు కదులుతాయి. కుక్క అక్కడే ఉంటుంది.

తెలుగులో జాలికీ, చేయకూడని పనికీ ఒకటే మాట. సంస్కృతం నుంచి దోషమన్న అర్థంతో వచ్చిన పాపానికి ఇక్కడి నాలుక జాలిని జోడించింది. ఆ జోడింపులో గొప్ప న్యాయం ఉంది. ఒక ప్రాణి అవస్థ చూసి పాపమన్నప్పుడు, ఇంతకీ ఈ పాపం ఎవరిదన్న ప్రశ్న కూడా ఆ మాటలోనే ఒదిగి ఉంటుంది. చాలామంది మొదటి అర్థం దగ్గర ఆగిపోతారు. కొద్దిమంది రెండో అర్థం దాకా వెళ్తారు. టీ డబ్బులు ఇచ్చాక బండి ఎక్కకుండా, వెళ్లి ఆ కుక్క పక్కన గొంతుక్కూర్చుంటారు.

అక్కడి నుంచి జరిగేదానికి జాలి అన్న పేరు చాలదు. దానికి సరిపోయే మాట పూచీ. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే ఆ బాకీ తాను కడతానని పక్కన సంతకం పెట్టేవాడు పూచీదారు. నిర్లక్ష్యానికి గురైన కుక్కను చేరదీసేవాళ్లు చేసేది ఇదే. ఎవరో ఎగ్గొట్టిన బాకీని తమ నెత్తిన వేసుకుంటారు.

ఆ బాకీ తీరడానికి రోజులు పడుతుంది. గజ్జి పట్టిన చర్మాన్ని కాస్త గీకి, డాక్టరు మైక్రోస్కోపు కింద పెట్టి అది ఏ రకం పురుగో తేల్చాలి. మందు మొదలుపెట్టాక వారాలు ఆగాలి. గాయానికి పురుగులు పడితే ఒక్కొక్కటీ పట్టకారుతో తీయాలి. రేపు మళ్లీ చూడాలి, ఎల్లుండి మళ్లీ. జత కట్టినప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకునే కణితి ఒకటి వీధికుక్కల్లో కనిపిస్తుంది. రక్తం కారుతూ చూడటానికే భయం వేస్తుంది. కానీ వారానికో ఇంజక్షన్ చొప్పున కొన్ని వారాలు చేయిస్తే చాలా కుక్కల్లో పూర్తిగా తగ్గిపోతుంది. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరు వీధిలో ఉంటే, ఇక బతకదనుకున్న కుక్క బతుకుతుంది.

మందుల కంటే రాత్రులు కష్టం. కొత్తగా ఇంటికి వచ్చిన కుక్క మంచం కిందో, బాత్‌రూమ్ మూలలోనో చోటు వెతుక్కుంటుంది. వీపు గోడకు ఆనించి, చూపు తలుపు మీదే పెట్టి పడుకుంటుంది. ఎదురుగా పెట్టిన పెరుగన్నం ముట్టదు. మనిషి లైటు ఆర్పి పక్కగదిలోకి వెళ్లాక, చీకట్లో గిన్నె నేల మీద జరిగిన చప్పుడు వినిపిస్తుంది. అమ్మయ్య, తింటోంది. తెల్లారి చీపురు చేతిలోకి తీసుకోగానే అదే కుక్క వణికిపోతూ ఉన్నచోటే తడిపేస్తుంది. దాన్ని ఎవరు దేనితో కొట్టారో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఒక లెక్క చెప్పుకుంటారు. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. మూడు రోజులకు బెదురు కాస్త తగ్గుతుంది. మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి. మూడు నెలలకు ఇది తన ఇల్లని నమ్ముతుంది. అన్ని కుక్కలూ ఈ లెక్కకు లొంగవు. అయినా ఓపిక సన్నగిల్లే రాత్రుల్లో పట్టుకోవడానికి అదొక ఊతకర్ర.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు ఇదంతా ఎందుకు?" ఈ ప్రశ్న ప్రతి వీధిలోనూ ఎదురవుతుంది. ఇది పాత ప్రశ్నే. 1860లో మేరీ టీల్బీ అనే ఆవిడ లండన్‌లోని హాలోవేలో, ఒక గుర్రపుశాల ఆవరణలో కుక్కలకు ఆశ్రయం తెరిచినప్పుడు టైమ్స్ పత్రిక ఆమెను ఎద్దేవా చేసింది. ఆమె పెట్టుకున్న పేరు తప్పిపోయిన, ఆకలితో ఉన్న కుక్కల తాత్కాలిక గృహం. అయిదేళ్లకే ఆమె కన్నుమూసింది. 1871లో ఆ గృహం బ్యాటర్సీకి మారింది, నేటికీ నడుస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం అట్లాంటిక్ అవతల దొరికింది. న్యూయార్క్‌లో 1866లో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించినవాడు హెన్రీ బెర్గ్. 1874లో మేరీ ఎలెన్ అనే పాపను పెంపుడు తల్లి చిత్రహింసలు పెడుతుంటే, ఎక్కడా సాయం దొరకక ఒక సంఘసేవకురాలు చివరికి బెర్గ్ దగ్గరకే వెళ్లింది. ఆయన, ఆయన లాయరు పూనుకుని కేసును కోర్టుకు తెచ్చారు. పిల్లలపై క్రూరత్వాన్ని ఆపడానికి న్యూయార్క్‌లో సంఘం పుట్టింది ఆ తర్వాతే. గుర్రం మీద కొరడా దెబ్బ చూసి ఆగిన మనిషే పాప ఒంటి మీద వాత చూసీ ఆగాడు.

బాకీ ఎంత పెద్దదైనా, తీర్చడం మాత్రం ఒక్కొక్క కుక్క లెక్కనే సాగుతుంది. 2007లో అమెరికాలోని వర్జీనియాలో, పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్‌కు చెందిన స్థలంలో కుక్కపందేల స్థావరం బయటపడింది. పోట్లాటకు పెంచిన పిట్‌బుల్స్ అవి. ఇలాంటివి ఇక మనుషుల మధ్య బతకలేవని, చంపేయడమే మేలని పెద్ద జంతు సంక్షేమ సంస్థలు కొన్ని బాహాటంగానే చెప్పాయి. కోర్టు తొందరపడలేదు. నిపుణులు ఒక్కో కుక్కను విడిగా పరీక్షించారు. బొమ్మ చూపించారు, తిండి గిన్నె జరిపారు, ఇంకో కుక్కను ఎదురు నిలిపారు. రాక్షసుల్ని చూస్తామనుకున్నవాళ్లకు చాలా చోట్ల కనిపించింది, భయంతో నేలకు అట్టులా అంటుకుపోయిన కుక్క. దాదాపు యాభై కుక్కల్లో మితిమీరిన దూకుడు వల్ల ప్రాణం తీయాల్సివచ్చింది ఒక్కదానికే. ఇరవై రెండు కుక్కలు యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రమానికి వెళ్లాయి. మిగతావి వేర్వేరు సంస్థల ద్వారా ఇళ్లకు చేరాయి. వాటిలో జానీ అనే కుక్క, గట్టిగా చదవడానికి బెదిరే పిల్లల పక్కన కూర్చుని వాళ్లు చదివేది వింటూ ఉండేది. విక్‌కు 23 నెలల జైలు పడింది. కుక్కల పోషణకు తొమ్మిది లక్షల డాలర్లకు పైగా చెల్లించమని కోర్టు ఆదేశించింది. బాకీ ఎగ్గొట్టినవాడి చేతే కట్టించిన అరుదైన సందర్భమది.

తెలుగు నేల మీద ఆ బాకీ చాలావరకు ముక్కూమొహం తెలియనివాళ్లే కడుతున్నారు. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్‌ను మొదలుపెట్టారు. విశాఖపట్నంలో ప్రదీప్‌కుమార్ నాథ్ 1996లో జంతు సంరక్షణ సంఘాన్ని స్థాపించారు. వాటి వెనుక వందల ఇళ్లలో, బాల్కనీలో ఒక మూల అట్టపెట్టె పరిచి, గాయపడిన కుక్కను కొన్నాళ్లు ఉంచుకునేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి వచ్చేవన్నీ వీధిలో పుట్టినవి కావు. మంచుదేశపు హస్కీని కొని ఏప్రిల్ ఎండలో మేడ మీద కట్టేసినవాళ్లు, పుట్టినరోజు కానుకగా పిల్లాడికి ఇచ్చిన లాబ్రడార్‌ను ఇల్లు మారేటప్పుడు రింగురోడ్డు పక్కన దింపేసినవాళ్లు ఉన్నారు. ఈతల కోసమే బోనులో ఉంచి, కాన్పులు ఆగిపోగానే తల్లికుక్కను వదిలించుకున్న వ్యాపారులూ ఉన్నారు. 2022లో తెలుగులోనూ విడుదలైన కన్నడ సినిమా 777 చార్లీ అలాంటి చోటు నుంచి తప్పించుకున్న కుక్క కథే.

కొల్లేరు ప్రాంతపు జొనంగిది ఇంకో రకం గోడు. పొట్టి బొచ్చు, ముడతల మొహం, మొరుగు కంటే కూతకు దగ్గరగా ఉండే గొంతు, నేలలో గుంత తవ్వుకుని పడుకునే అలవాటు ఉన్న దేశవాళీ కుక్క ఇది. బాతుల మందలను తోలేవాళ్లకు కుడిభుజంగా ఉండేది. బాతుల స్థానంలో చేపల చెరువులు వచ్చాక దానికి పని పోయింది. చెరువులో చేపలు తింటోందని చంపారు కూడా. పని ఉన్నన్నాళ్లూ ఇంటి మనిషి, పని తీరాక ఊరకుక్క. నిర్లక్ష్యం చాలాసార్లు కర్ర పట్టుకుని రాదు. అవసరం తీరిన రోజున ముఖం తిప్పుకుంటుంది, అంతే.

ఈ పనిలో చూపు తిప్పుకోకూడని నిజం మరొకటుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు కుక్కల మీద ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికీ నోరు రాదు. రాకూడదు కూడా. మనుషులకు సోకే రేబిస్‌లో దాదాపు అంతా కుక్కకాటు వల్లే వస్తోంది. లక్షణాలు బయటపడ్డాక మందు లేదు. అందుకే కుక్కల పట్ల నిజమైన కరుణ, టీకా వేయించని కుక్కకు రోజూ అన్నం పెట్టి చేతులు దులుపుకోవడంతో పూర్తి కాదు. పట్టించి ఆపరేషన్ చేయించాలి, రేబిస్ టీకా వేయించాలి. చెవి చివర చిన్న కత్తిరింపు కనిపిస్తే ఆ పని జరిగిందని గుర్తు. కుక్కల జనన నియంత్రణ కోసం తెచ్చిన 2001 నాటి నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు చెప్పేది ఇదే. పుట్టబోయే వంద కుక్కపిల్లలు లారీ చక్రాల కింద పడకుండా చేయడం కూడా కాపాడటమే. పక్కింటి పిల్లవాడు భయం లేకుండా బడికి నడవగలగడమూ ఆ పూచీలో భాగమే.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని సవరించింది. ఆపరేషను, టీకా అయిన కుక్కలను ఎక్కడివక్కడే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం షెల్టర్లలోనే ఉంచేయాలని చెప్పింది. నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడ వదలొద్దంది. అంటే ఇళ్లు వెతకాల్సిన అవసరం ఇంకా పెరిగింది. ఆగస్టు 22 ఆదేశంలో వార్తల సందడిలో మరుగున పడిన ఒక మాట ఉంది. వీధికుక్కను దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. పూచీ అన్న మాట వాడకుండానే కోర్టు పూచీ అడిగింది.

దత్తత అన్న మాట ఇక్కడ ఊరికే వాడుతున్నది కాదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం హోమం జరగకపోయినా దత్తత చెల్లుతుంది. బిడ్డను ఒకరు ఇవ్వడం, ఇంకొకరు పుచ్చుకోవడం మాత్రం జరిగి తీరాలి. కుక్కల విషయంలో పుచ్చుకునే చేతినే అందరూ మెచ్చుకుంటారు. ఇచ్చే చేతిని చూసేవాళ్లు తక్కువ. నెలల తరబడి పక్కలో పడుకోబెట్టుకున్న ప్రాణిని, అది తన అడుగుల చప్పుడు గుర్తుపట్టడం మొదలుపెట్టాక, ఇంకొకరి కారు ఎక్కించడం తేలిక కాదు. ఎక్కించకపోతే బాల్కనీలో ఆ మూల ఖాళీ కాదు. టీ కొట్టు ముందు ఇంకో కుక్క ఎదురుచూస్తూ ఉంటుంది.

భారతాన్ని నన్నయ మొదలుపెట్టిన చోటా ఒక కుక్క ఉంది, తిక్కన ముగింపుకు తెచ్చిన చోటా ఒక కుక్క ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి వచ్చిన, సరమ అనే ఆడకుక్క కొడుకును రాజు తమ్ములు కొట్టారు. అది హవిస్సును ముట్టలేదు, కనీసం అటు చూడనూ లేదు. తల్లి వచ్చి నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగితే ఆ రాజకుటుంబం దగ్గర జవాబు లేకపోయింది. ఊహించని భయం వచ్చి పడుతుందని శపించి వెళ్లిపోయింది సరమ. చివర్లో ధర్మరాజు స్వర్గద్వారం దాకా నడిచాడు. కుక్కను వదిలి రథమెక్కమన్నాడు ఇంద్రుడు. అప్పుడు ధర్మరాజు ఆ కుక్క గొప్పతనమేమీ ఏకరువు పెట్టలేదు. అది చేసిన సేవ చెప్పలేదు. నన్ను నమ్మి వెంట వచ్చినదాన్ని విడవనన్నాడు, అంతే. సరమ అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి అన్ని పర్వాలు పట్టింది.

అప్పగింత రోజున ఇచ్చేవాళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నారా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? ఊరెళ్తే ఎవరు చూస్తారు? పగలంతా గొలుసుతో కట్టేస్తారా? వచ్చినవాళ్లలో కొందరికి కోపం వస్తుంది, పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరంటారు. ఇచ్చేవాళ్లు నవ్వి ఊరుకుని మళ్లీ అడుగుతారు. పది పన్నెండేళ్ల పూచీ ఇది. అన్నీ కుదిరాక టీకాల కార్డు, మిగిలిన మాత్రలు, అది ఇన్నాళ్లూ పడుకున్న దుప్పటి ఒక సంచిలో పెట్టి ఇస్తారు. దుప్పటి కావాలనే ఉతకరు. కొత్త ఇంట్లో మొదటి రాత్రి తెలిసిన వాసన ఒకటైనా ఉండాలి.

మూడు రోజులు ఫోన్ చేయాలనిపించినా ఆపుకుంటారు. మూడు వారాలకు ఒక సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వస్తుంది. హాలు మధ్యలో, ఫ్యాను కింద, గోడలకు దూరంగా ఆ కుక్క నిద్రపోతూ ఉంటుంది. ఫొటో తీసిన మనిషి తలుపు దగ్గర నిలబడినట్టున్నారు, కుక్క వీపు అటువైపే ఉంది. ఇచ్చిన ఇంట్లో ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేస్తారు. చర్మం పగిలి ఉన్న చోట మెత్తటి గోధుమరంగు బొచ్చు వచ్చింది. ఫోను పక్కన పెట్టి, బాల్కనీ మూలలో పాత అట్టపెట్టె తీసేసి కొత్తది పరుస్తారు.