తినేవాడి వాటా

2019 జనవరి 5న టోక్యోలోని టొయొసు మార్కెట్‌లో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా 33 కోట్ల 36 లక్షల యెన్‌లు పలికింది. పాడుకున్నది సుషీజన్‌మై రెస్టారెంట్ల అధిపతి కియోషి కిమురా. కొత్త ఏడాది తొలి వేలంలో భారీ ధర పలకడం అక్కడ ఆనవాయితీ. అంత వెల కట్టడం ఆ ప్రాణికి చేసే గౌరవమా? లేక దాని చావును తినేవాడి కంట పడకుండా చేసే ఏర్పాటా?

చంపిన పాపం ఎవరిదన్న తర్కం చాలా పాతది. మనుస్మృతి ఆ పాపాన్ని అందరికీ పంచింది. చంపమన్నవాడు, చంపినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ హంతకులేనంది. బౌద్ధ వినయం మరో దారి పట్టింది. తన కోసమే చంపారని చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చంది. అది భిక్షాపాత్రలో పడిందే తినాల్సిన సన్యాసికి పెట్టిన నియమం. ఏ చేప కావాలో తానే ఎంచుకుని డబ్బు చెల్లించే అతిథి ఆ నియమం చాటున నిలబడలేడు.

జపాన్‌కు ఈ ఇబ్బంది తెలుసు. 675లో తెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. ఆ జాబితాలో చేప లేదు. అయినా చేప ప్రాణాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండలేకపోయారు. టోక్యో త్సుకిజిలోని నమియోకె ఇనారి గుడి ఆవరణలో సుషీ కోసం ప్రాణాలు పోగొట్టుకున్న చేపల పేర ఒక స్మారక శిల ఉంది. రొయ్యలకు వేరే శిల ఉంది.

చేప ప్రాణానికి లెక్క చెప్పుకోవడం మనవాళ్ళకూ తెలుసు. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీ విజయపురంగా మార్చారు. ఆ ఊరి జంగ్లీఘాట్ రేవులో తెలుగు బాగా వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబాలవి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. పడవకు పసుపు కుంకుమలు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి వేటకు కదలడం వాళ్ళ పుట్టిల్లయిన తీరం ఆచారం. తనకు అన్నం పెట్టే నీటిని తల్లిగా కొలిచి, ఆ తల్లి కడుపులోంచే ప్రాణాలు తీస్తున్నానన్న ఎరుక ఆ మొక్కులో ఉంది.

ఎర్రన తెనిగించిన అరణ్యపర్వ శేషంలో ధర్మవ్యాధుడు కనిపిస్తాడు. వేదం చదివిన కౌశికుడు ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం కొట్టు దాకా నడిచి వెళ్ళాల్సి వచ్చింది. తాను చంపననీ, ఇతరులు చంపింది అమ్ముతాననీ, తిననని కూడా వ్యాధుడు చెబుతాడు. అంతటితో చేతులు కడుక్కోడు. తన వృత్తి ఘోరమైనదేనని ఒప్పుకుంటాడు. నాగలి కింద నలిగే పురుగుల్ని కూడా గుర్తుచేస్తాడు. చేపలు పట్టేవాడిని తక్కువ కులమని దూరం పెట్టి, అతను పట్టిన చేపను వెండి పళ్ళెంలో ఆరగించే సమాజం ఈ కథను మళ్ళీ చదవాలి.

ఇప్పుడు ఆ పళ్ళెం అండమాన్ వైపు జరుగుతోంది. కేంద్రం ఈ దీవుల్ని ట్యూనా క్లస్టర్‌గా ప్రకటించింది. చుట్టూ ఆరు లక్షల చదరపు కిలోమీటర్ల ప్రత్యేక ఆర్థిక మండలం ఉంది. పచ్చిగా తినే ట్యూనాను పట్టిన వెంటనే చంపి, రక్తం తీసి, మంచులో పెట్టాలి. ఆలస్యమైతే రంగూ ధరా పడిపోతాయి. అంటే సుషీ రుచి పడవ మీదే, కలాసీ చేతుల్లోనే మొదలవుతుంది. కౌంటరు వెనక నిలబడ్డ షెఫ్‌కు దక్కే కీర్తిలో అతని పేరు ఎక్కడా ఉండదు.

వదిలేయడం కూడా ఈ ధర్మంలో భాగమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. గుడ్లు పెట్టే చేపకు ఆ వ్యవధి దొరుకుతుంది. ఆ రెండు నెలల ఆదాయం మత్స్యకారుడు వదులుకుంటున్నాడు. తినేవాడు కూడా తన వంతు వదులుకోవాలి: ఏ నెలలో, ఏ సముద్రంలో, గాలంతోనా వలతోనా పట్టిన చేపో రెస్టారెంటును అడగాలి. జవాబు రాకపోతే ఆ పళ్ళేన్ని వెనక్కి పంపాలి.