నొప్పి మందుల విషయంలో వాగ్ధర్మం

మాట ఎదుటివారిని కలవరపెట్టకుండా, సత్యంగా, ప్రియంగా, హితంగా ఉండాలని భగవద్గీత పదిహేడవ అధ్యాయం వాక్కుకు సంబంధించిన తపస్సును నిర్వచించింది. ఈ నాలుగూ పరస్పరం పొసగనప్పుడు దేనికి కట్టుబడాలన్నది నీతిశాస్త్రంలో చిక్కు ప్రశ్న. ఓపియాయిడ్ల గురించి ఇంటివారితో మాట్లాడవలసి వచ్చినప్పుడు ఆ చిక్కు ప్రత్యక్షంగా ఎదురవుతుంది.

నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్, కోడీన్ మొదలుకొని కృత్రిమంగా తయారుచేసే ట్రమడాల్, ఫెంటనిల్ వరకు, మెదడులోనూ వెన్నుపాములోనూ ఉండే కొన్ని గ్రాహకాలపై పనిచేసి నొప్పిని అణచే మందులే ఓపియాయిడ్లు. జమ్మలమడుగు ప్రాంతంలో నాపరాళ్లు మోసేవారికి, ప్రొద్దుటూరులో మగ్గం నేసేవారికి, పులివెందుల చీనీ, అరటి తోటల్లో పనిచేసేవారికి నడుమునొప్పి కొత్త కాదు గాని, వారు వేసుకునే బిళ్లలన్నీ ఓపియాయిడ్లు కావు; కనుక చీటీలో రాసినది ఏ మందో డాక్టరును అడిగి తెలుసుకోవడం మొదటి కర్తవ్యం. ట్రమడాల్‌ను ప్రభుత్వం 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది.

ఈ మందులు మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. మద్యమో నిద్రమాత్రలో తోడైతే ప్రాణాపాయం పెరుగుతుంది. పాత మోతాదు చాలకపోవడాన్ని టాలరెన్స్ అని, మందు ఆపగానే చెమటలు, వాంతులు, నిద్రలేమి కలిగే స్థితిని శారీరక ఆధారపడటం అని, కీడు తెలిసీ మానలేకపోవడాన్ని వ్యసనం అని అంటారు. మొదటి రెండూ డాక్టరు చెప్పినట్టే వాడినవారిలోనూ కలిగే దేహధర్మాలు కనుక వాటికి పాపాన్ని అంటగట్టడం అన్యాయం. మూడవదానిలో ఇచ్ఛాశక్తే సన్నగిల్లుతుంది కనుక అక్కడ నింద కంటే చికిత్స ధర్మం.

దీనికి మరో పార్శ్వం ఉంది. నొప్పి కర్మఫలమని, మార్ఫిన్ ఇస్తే మరిగిపోతారని భయపడి కాన్సరు రోగిని బాధకు వదిలేయడమూ అధర్మమే; బాధ ఒకరి కర్మ అని ఒప్పుకున్నా, దాన్ని తగ్గించడం పక్కవారి కర్తవ్యం కాకుండా పోదు. ఇస్లామీయ న్యాయశాస్త్రమూ అత్యవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుందన్న సూత్రాన్ని అంగీకరిస్తుంది. నొప్పితో బాధపడే అటువంటి రోగులకు మార్ఫిన్ అందడంలోని అడ్డంకులు తగ్గించడానికే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు.

కాబట్టి సత్యం, హితం మాటలోని సారమైతే, ప్రియం, అనుద్వేగం (కలవరపెట్టకపోవడం) దాన్ని చెప్పే తీరు. “బిళ్లలకు మరిగినావు” అన్న మాటలో నిజం ఉన్నా హితం లేదు, ఎందుకంటే అది విన్నవాడు బిళ్లలను దాచుకుంటాడు; “నాయనా, ఇది ఎన్ని దినాలు వేసుకోమన్నారు?” అని మందు మొదలైన నాడే అడిగితే నాలుగు నియమాలూ నెరవేరుతాయి. అప్పటికే అలవాటు పడినవారి మందును హఠాత్తుగా లాక్కోకుండా, వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించడానికి తోడు నిలిచినప్పుడే ఆ మాట తపస్సు అనిపించుకుంటుంది.