మోయగలగడం, మోయాల్సి రావడం

బలం అనే మాటను మనం ఎప్పుడూ మెచ్చుకోలుగానే వింటాం. ఎంత మోస్తే అంత బలం. కానీ మోయగలిగినదంతా మోయాల్సిందేనా? హద్దు ఎక్కడో ఎవరు చెప్పాలి? సాహిత్య పరిశోధన చేసిన నేను ఈ ప్రశ్న దగ్గరికి ఈసారి పుస్తకాల్లోంచి రాలేదు. అమెరికాలో, టెక్సాస్‌లో ముగ్గురు స్నేహితురాళ్ళం కలిసి కూరగాయలు పండిస్తున్న పొలం కోసం కొత్తగా కొన్న హెవీ డ్యూటీ పికప్ ట్రక్కు నన్నిక్కడికి తెచ్చింది. ట్రాక్టర్ని ఎక్కించిన ట్రెయిలర్ని లాక్కురావడం దాని పని.

“దీనికి ఇల్లు కట్టినా లాగేస్తుంది” అన్నాడు అమ్మినతను. ప్రకటన కాగితంలో 18,000 పౌన్లకు పైనే లాగుతుందని ఉంది. డ్రైవర్ తలుపు తెరిస్తే తప్ప కనపడని చోట, చిన్న చీటీ మీద ఇంకో అంకె ఉంది: మనుషులు, సామాను కలిపి బండి మీద 2,300 పౌన్లు మించకూడదు.

ఎడ్లబండికి బరువెత్తేవాళ్ళకి ఈ కిటుకు తెలుసు. బరువంతా వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకి పడితే ఎడ్ల మెడలు కుంగుతాయి. ట్రెయిలర్ బరువులోనూ 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక హిచ్ మీద ఆనాలి. తక్కువైతే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగి ట్రక్కునే తిప్పేయగలదు. ఆ ఆనే బరువు 2,300లోంచే పోవాలి. మేం ముగ్గురం, పనిముట్లు, హిచ్ సరంజామా కలిపి 800. మిగిలింది 1,500. 15 శాతం లెక్కన ట్రెయిలర్ 10,000 పౌన్లు, అంటే సుమారు 4,500 కిలోలు దాటకూడదు.

మరి 18,000 అబద్ధమా? కాదు. ఇలాంటి అంకెలు తేల్చడానికి 2008లో జె2807 అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తురోడ్డు ఎక్కడం అందులో ఒక పరీక్ష. అయితే ఆ లెక్కలో బండిలో ఉండేది 150 పౌన్ల చొప్పున ఇద్దరు మనుషులు. అది దాదాపు ఖాళీ బండి నిజం. బతుకులో ఎవరు ఖాళీగా బయల్దేరతారు?

ఇంజిన్ ఇవేవీ పట్టించుకోదు. హద్దు దాటినా మారుమాట లేకుండా లాగుతుంది. దెబ్బ తినేవి బ్రేకులు, ఇరుసులు, టైర్లు. అందుకే ‘లాగుతోందిగా’ అన్నది రుజువు కాదు. మన ఇళ్ళలో ఇదే వాదన ఎన్ని తరాలుగా నడుస్తోంది! ‘చేస్తూనే ఉందిగా’ అంటారు. కూలకపోవడాన్ని శక్తిగా, శక్తిని అంగీకారంగా చదవడం పితృస్వామ్యానికి అలవాటు. ‘భూదేవంత ఓర్పు’ కూడా ప్రకటన కాగితం మీది అంకే. ఉద్యోగం, మామగారి మందులు, పిల్లల పరీక్షలు అప్పటికే ఎక్కి కూర్చున్న సంగతి అందులో ఉండదు.

ఈ పోలిక కొంతవరకే. ట్రక్కు మాట్లాడలేదు. స్త్రీ ‘ఇంక నా వల్ల కాదు’ అని చెబుతూనే ఉంది. అయినా ఇనుముకి దక్కిన మన్నన ఆ మాటకి దక్కలేదు. తలుపు మీది చీటీ అమ్మేవాడి దయ కాదు, చట్టం పెట్టించినది. ఇంటి చాకిరీకి హద్దు మాత్రం ఇంకా ఎదుటివాళ్ళ మంచితనం మీదే ఉంది. న్యాయం అంటే జాలిపడటం కాదనీ, ముందే ఉన్న బరువుని లెక్కలోకి తీసుకోమని అడిగే హక్కుని ఒప్పుకోవడమనీ నేననుకుంటాను.

‘మేమూ లాగగలం’ అని నిరూపించుకునే తొందర మనకీ ఉంటుంది. కొత్త బండి దానికీ పగ్గం వేసింది. మొదటి 1,000 మైళ్ళు ఏమీ లాగొద్దని దాని పుస్తకం చెప్పింది. తర్వాత ఖాళీ మైదానంలో, ఖాళీ ట్రెయిలర్‌తో మేం నేర్చుకున్నది ముఖ్యంగా ఆపడమే. ట్రెయిలర్ బ్రేకు బలాన్ని కొంచెం కొంచెం పెంచి సరిచూసుకోవడం, పల్లంలో గేరు తగ్గించడం. పక్క వరసలో వెళ్ళేవాళ్ళకి మనం బాకీపడింది ఇదే.

ట్రాక్టర్ని ఎక్కించాక మొదట వెళ్ళేది వేబ్రిడ్జికి. అంకె ఎక్కువొస్తే బరువు దించుతాం. బండిని చేతకానిదని ఎవరూ అనరు.