ధర్మాసుపత్రి

తెలుగులో ఒక విచిత్రమైన మాట ఉంది: ధర్మాసుపత్రి. ప్రజలిచ్చిన పన్నులతో కట్టి, ఆ పన్నులతోనే డాక్టర్లకు జీతాలిచ్చి నడిపే వైద్యాలయానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరది. బిచ్చగాడు గుమ్మంముందు నిలబడి "ధర్మం చెయ్యండి బాబూ" అన్నప్పుడు ఆ మాటకు ఏ అర్థమో, ఇక్కడా అదే అర్థం. న్యాయానికీ, విధికీ, భిక్షకీ మన భాష ఒకే మాటతో సరిపెట్టుకుంది. "హక్కు" అనే మాట అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మన ఊళ్ళకు వచ్చింది. అంతకుముందు మనకు అధికారం, స్వామ్యం వంటి మాటలు లేకపోలేదు. కాని అవి ఉన్నవాళ్ళు వాడుకున్న మాటలు. తనకు చెల్లవలసినదానికీ, తనమీద జాలితో పడవేసినదానికీ తేడా తెలుసుకునే సందర్భమే తరాలపాటు రానివాడికి రెండు మాటలు ఎందుకు?

దానాన్ని గురించి ఆలోచించేవాడికి హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌ను మించిన పాఠశాల లేదు. ఆ పేరే ఒక దానశాసనం. 1857 నుంచి 1869 దాకా రాజ్యం చేసిన అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యపు వర్తకులకు ఆ స్థలం ఇచ్చాడు గనక అది అఫ్జల్‌గంజ్ అయింది. ధాన్యం పండించినవాడి పేరు ఏ గంజ్‌కూ లేదు. ఆ బస్తాలు మోసిన హమాలీ పేరూ లేదు. శాసనాల కాలంనుంచీ మన చరిత్ర ఇంతే: ఊరిని అగ్రహారంగా ఇచ్చిన రాజు పేరు రాయిమీద ఉంటుంది, పుచ్చుకున్న పండితుడి గోత్రం ఉంటుంది, ఊరితోపాటు చేతులు మారిన రైతు ఎవరో తెలియదు. ఇచ్చినవాడికి ఆ వస్తువు ఎలా వచ్చిందని అడగటం మర్యాద కాదని మనకు నేర్పారు. దానశీలానికి మొదటి రక్ష ఆ మర్యాదే.

ఇంతవరకు మన విద్యార్థులకు కొత్త ఏమీ లేదు. "దానం దోపిడీకి ముసుగు" అని వాళ్ళు చర్చావేదికల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నేనూ తరగతిలో ఆ వాక్యం చాలాసార్లు విన్నాను. ఆ వాక్యం తప్పని నేననను. కాని దానితో ఆలోచన ముగిసిందనుకుంటే మనకు మిగిలేది చాలా సుఖమైన సిద్ధాంతం. దాన్ని నమ్మినవాడు జేబులో చెయ్యి పెట్టనక్కరలేదు, వీధిలోకి రానూ అక్కరలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలాదిమంది చనిపోయారు. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ధ్వంసమైంది. ఆ ఆవరణలోని చింతచెట్టెక్కి నూటయాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నిరాశ్రయులకు ఉచిత వంటశాలలు తెరిపించాడు. జనం ఆ సంగతిని కథలుగా చెప్పుకున్నారు. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి నదిని పరిశీలించి, ఎగువన జలాశయాలు కట్టాలన్నాడు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. వంటశాల ఆకలి తీర్చింది; జలాశయం అటువంటి ఆకలి మళ్ళీ రాకుండా చాలావరకు కాపాడింది. గండిపేట నీళ్ళు తాగినవాడు ఎవరికీ దణ్ణం పెట్టనక్కరలేదు. ఏది గొప్పదంటే జవాబు తేలికే.

అయితే సెప్టెంబరు 29న ఆకలితో ఒడ్డున కూచున్న మనిషితో, 1920 దాకా ఆగమని ఎవరు చెప్పగలరు? చెప్పగలిగినవాడి అభ్యుదయాన్ని నేను అనుమానిస్తాను. ఆకలికి ఇవాళే అన్నం పెట్టాలి. ఇది దయకు సంబంధించిన విషయం కూడా కాదు. పొరుగున మనిషిగా ఉన్నందుకు చెల్లించవలసిన బాకీ. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. వంటశాల పెట్టినవాడు తన వంటశాలతో పని తీరిందనుకుంటాడు; తిన్నవాడు కూడా అనుకుంటే దాతకు మరింత మంచిది.

వరదకు పోయిన ఆసుపత్రి చోటనే ఉస్మానియా ఆసుపత్రి లేచింది. దాన్ని "నిజాం కట్టించి ఇచ్చాడు" అంటారు. కట్టించినది రాజ్యపు ఖజానా. భూమిశిస్తూ, ఆబ్కారీ ఆ ఖజానాకు పెద్ద రాబడులు. అంటే దుక్కి దున్నినవాడూ, కల్లుకుండ దగ్గర కూచున్నవాడూ కట్టించారన్నమాట. ఏడవ నిజాంకు కట్టడాలమీద ఉన్న శ్రద్ధను నేను తక్కువ చెయ్యను. అదే ఖజానాతో ఏమీ కట్టని ప్రభువులూ ఉన్నారు. కాని పన్ను దానంగా మారే రసాయనం ఏమిటో చూడాలి. 1965లో ఆయన దేశరక్షణకు అయిదువేల కిలోల బంగారం దానమిచ్చాడని నేటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆయన 425 కిలోల బంగారాన్ని జాతీయ రక్షణ స్వర్ణబాండ్లలో పెట్టాడు. దానికి ఆరున్నర శాతం వడ్డీ ఉంది. పెట్టుబడి దాదాపు పన్నెండింతలై, వడ్డీ వదులుకుని, జనం నోట దానమైంది! ఈ కథను ఏ ఆస్థానకవీ అల్లలేదు. ప్రభువునుంచి పుచ్చుకోవటానికి అలవాటుపడిన మనసు తనంతట తానే అల్లుకుంది.

దాతలకు ఇంకొక చిక్కు ఉంది: వాళ్ళ డబ్బు వాళ్ళ మాట వినదు. 1918లో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి హాస్టలు వెలిసింది. సంస్థానాధీశులూ, భూస్వాములూ చందాలిచ్చారు. పేరులోనే కులం ఉంది. ఆ ఔదార్యానికి గోడలు ఎక్కడున్నాయో చెప్పనక్కరలేదు. కాని ఆ హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళలో రావి నారాయణరెడ్డి ఒకడు. దొరల డబ్బుతో తిన్న అన్నం దొరలమీద తిరుగుబాటుకు బలమిచ్చింది. అందువల్ల పుచ్చుకున్నవాడు అమ్ముడుపోయినట్టేనని నేను ఒప్పుకోలేను. ఆండ్రూ కార్నెగీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సంపన్నుడు తన సంపదకు ధర్మకర్త మాత్రమేనని 1889లో వ్యాసం రాశాడు. 1892లో హోమ్‌స్టెడ్‌లోని ఆయన ఉక్కు కర్మాగారంలో జీతాల కోతపై సమ్మె జరిగితే సాయుధులైన పింకర్టన్ మనుషులు దిగారు, ప్రాణాలు పోయాయి. 1898లో ఆ హోమ్‌స్టెడ్‌కే ఆయన గ్రంథాలయం ఇచ్చాడు. రోజుకు పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడినవాడు ఏ వేళప్పుడు చదవాలో ఆ వ్యాసంలో లేదు. అయినా ఆ పుస్తకాలు చదివి లోకం తెలుసుకున్న కార్మికుల పిల్లలు ఎందరో ఉండి ఉంటారు. దానం విషయంలో దాత ఉద్దేశం ఒకటి, చరిత్ర చేసే పని ఇంకొకటి.

కనుక దాత మనసును తూచటం నాకు వ్యర్థమనిపిస్తుంది. పుచ్చుకున్నవాడి మెడ ఎటు వంగిందో చూడాలి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనవాడవాళ్ళు వినోబాను ఎనభై ఎకరాలు అడిగారు; వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలిచ్చాడు. ఆయన చిత్తశుద్ధిని శంకించటానికి నాకు కారణం లేదు. కాని ఆ రోజు తెలంగాణలో ఏం జరుగుతూ ఉంది? మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు రైతులు పంచుకున్నారని సుందరయ్య లెక్క చెప్పాడు. 1948 సెప్టెంబరు తర్వాత సైన్యం అండతో దొరలు తిరిగివచ్చి ఆ భూములు లాక్కుంటున్నారు. హక్కుగా దున్నిన చేతినుంచి నాగలి లాగి, అదే చేతిని చాచమన్నారు. నూరెకరాలు నూరెకరాలే, వాటిమీద పండిన జొన్నలు కడుపు నింపుతాయి. అయినా లాక్కున్నది ఇంకేదో ఉంది. రావి నారాయణరెడ్డి కూడా తన అయిదు వందల ఎకరాలు రైతులకు ఇచ్చాడు. ఆ ఇవ్వటంలో తేడా ఉంది: భూమి దున్నేవాడిదేనని ముందు చెప్పి, తర్వాత ఇచ్చాడు. దున్నేవాడిది వాడికి అప్పజెప్పాడు గనక అక్కడ దాత లేడు.

నేటి దానానికి లెక్కలూ చట్టాలూ వచ్చాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సమాజం పనులకు ఖర్చుపెట్టాలి. మిగతా తొంభై ఎనిమిది ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ చట్టానికి బయట ఉంది. ఎందుకు ఇచ్చాం, ఎవరికిచ్చాం అన్నది కంపెనీ నిర్ణయం. పుచ్చుకునేవాడు ఆ నిర్ణయంలో లేడు. పన్నుకైతే కనీసం అయిదేళ్ళకొకసారి అడిగే రోజు వస్తుంది.

2014లో హైదరాబాదు నగరపాలక సంస్థ హరేకృష్ణ సంస్థతో కలిసి అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టింది. 2022లో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర రోగుల సహాయకులకూ ఆ ధరకు అన్నం పెట్టటం ప్రారంభించారు. అయిదు రూపాయలకు ఆ భోజనం రాదని అందరికీ తెలుసు. మరి ఉచితంగానే పెట్టవచ్చు కదా అని నా మిత్రుడొకడు వాదించాడు. నేను ఒప్పుకోను. అయిదు రూపాయలిచ్చినవాడు సాంబారులో ఉప్పు ఎక్కువైందని అనగలడు. సత్రంలో ఆ మాట అంటే కృతఘ్నుడంటారు.

2020 జూలైలో వానకు ఉస్మానియా పాతభవనం వార్డుల్లోకి నీళ్ళు వచ్చాయి. రోగులను తరలించి ఆ భవనాన్ని మూసేశారు. జనం తిట్టారు, వైద్యులూ మాట్లాడారు, హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఎవరో దయతలచి పెట్టిన ఆసుపత్రి అయితే నీళ్ళొచ్చాయని ఎవరూ కోర్టుకు పోరు. మంచం ఇంకొంచెం ఎత్తుకు జరుపుకుని ఊరుకుంటారు.