ప్రతిభయు విధేయతయు

ప్రతిభావంతుడు నియమమునకు లోబడవలెనా యని యడిగిన, వలెనని వెంటనే చెప్పుదుము. ఏ నియమమునకని మాత్రము విచారింపము.

ఇరాను దేశీయుడగు ఫుట్‌బాలు క్రీడాకారుడు అలీ కరీమీ చరిత్రమును చూడుడు. 2004 సంవత్సరపు ఆసియా కప్పులో ఇరాను దక్షిణ కొరియాను 4–3 గోలులతో జయించినప్పుడు మూడు గోలులు అతడే చేసెను. ఆ యేటి ఆసియా ఉత్తమ ఫుట్‌బాలు క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. మరుసటి యేట జర్మనీలోని బయర్న్ మ్యూనిక్ జట్టు అతనిని చేర్చుకొనెను. అయినను అధికారులతోడి కలహములు అతనిని విడువలేదు. 2010లో రంజాను ఉపవాసము పాటింపలేదనియు, ప్రశ్నించిన యధికారులను అవమానించెననియు, టెహరానులోని స్టీల్ అజీన్ సంఘము అతనిని తొలగించెను. కొలదికాలమునకే మరల చేర్చుకొనెను.

ఒకే తీర్పులో రెండు నేరములు! పరుషవాక్కు తోడివారిని నొప్పించును. అది నిజమైనచో దండన న్యాయమే. ఉపవాసమో, మనస్సాక్షికి సంబంధించినది. భయముచే చేసినచో అది వ్రతమే కాదు. ఈ రెంటిని క్రమశిక్షణలేమి యను నొక్క మాటతో ముడివేసినచో, దోషము సైతము అన్యాయమున మరుగుపడి, దోషియే వీరుడగును.

బిడ్డను మందలింపబోవు తల్లిదండ్రులును ముందుగా తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను: వీడు ఇతరులకు కీడు చేసెనా, లేక మన మాటను మాత్రమే జవదాటెనా?